ముద్దుపలుకుల తోడుగా అండమాన్ యాత్ర

ఎల్.టి.సి. అన్న మూడక్షరాలకు మన ఉద్యోగుల ఇళ్ళలో ఉన్న మహిమ అంతా ఇంతా కాదు. బ్లాకు కాలం ముగియవస్తోందన్న మాట సెక్షనులో వినిపించిన సాయంత్రమే ఇంట్లో దేశపటం తెరుచుకుంటుంది. పెద్దలు కాశీ అంటారు, పిల్లలు మంచుకొండలంటారు, ఇల్లాలు వంట చేయనక్కరలేని ఊరు ఏదైనా సరేనంటుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట మాత్రం ఈ చర్చ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది: "పసివాడితో అంత దూరం ఎలా?" ఆ ప్రశ్నకు జంకి ప్రయాణాలు వాయిదా వేసుకున్న మిత్రులు మన కాలనీలో ఎందరో ఉన్నారు. వారికి కొంత ధైర్యమూ, కొంత సమాచారమూ అందించాలన్న సంకల్పంతో ఈ వ్యాసానికి పూనుకున్నాము. తీరా రాయడానికి కూర్చున్నాక, అండమాన్ దీవులతో సమానంగా మా చిన్నవాడి మాటలు కూడా చోటు అడిగాయి. ఇంట్లో పసిపిల్లలున్న పాఠకులకు ఇది వింతగా తోచదనే అనుకుంటాము.

2025 జనవరి నెలాఖరున మేమిద్దరమూ, మూడవ తరగతి చదువుతున్న అమ్మాయీ, ఇరవై రెండు నెలల చిన్నవాడూ విశాఖపట్నం నుంచి చెన్నై మీదుగా విమానంలో అండమాన్ చేరుకున్నాము. ఓడ మీద వెళితే రెండున్నర, మూడు రోజుల సముద్రయానం. నడక కొత్తగా వచ్చి పరుగే నడకగా మారిన బిడ్డను ఓడ డెక్కు మీద మూడు రోజులు కాపలా కాయడం కంటే, విమానంలో కొన్ని గంటలు ఒడిలో పట్టుకోవడమే సులువని నిర్ణయించాము. పైగా రెండేళ్ళు నిండని బిడ్డకు విమానంలో వేరే సీటు తీసుకోనక్కరలేదు, పూర్తి టిక్కెట్టూ అక్కరలేదు. ఈ లెక్క మా నిర్ణయంలో ఎంత పాలు పంచుకుందో తోటి ఉద్యోగులకు విడమరచి చెప్పాలా?

ఇక చిన్నవాడి సంగతి. వాడికి అప్పటికి వచ్చిన మాటలు తొమ్మిది. అమ్మ, తాత, బువ్వ, టాటా అన్నవి అందరికీ అర్థమయ్యేవి. నీళ్ళను "నీనీ" అంటాడు. ఎత్తుకోమనడానికి "ఉప్", వద్దనడానికి "అద్దు". ఎగిరేదేదైనా, అది కాకి కానీ పావురం కానీ గాలిపటం కానీ, "కాకా". తొమ్మిదవది "పోయిం". కరెంటు పోయినప్పుడు ఇల్లంతా ఒక్క గొంతుతో అనే మాటను పట్టుకొని, కనుమరుగైన ప్రతి వస్తువుకూ దానినే వర్తింపజేశాడు. పాలగ్లాసు ఖాళీ అయితే పోయిం, బంతి మంచం కిందికి దొర్లితే పోయిం, వీధిలో స్కూటరు మలుపు తిరిగితే పోయిం.

తొమ్మిది మాటలు తక్కువేనని పిల్లల నాయనమ్మగారి అభిప్రాయం. "వీడి నాన్న ఏడాది నిండేసరికి వీధి వీధినంతా పేర్లు పెట్టి పిలిచేవాడు" అని ఆవిడ తరచు సెలవిస్తుండేవారు. ఊరి నుంచి ఒక వసకొమ్ము కూడా తెప్పించారు. వస అరగదీసి నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయని పాతకాలపు నమ్మకం. వాగుడుకాయ పిల్లలను వసపిట్టలనడం అందుకే. నేటి పిల్లల వైద్యులు పసివారికి వస పోయవద్దంటున్నారు గనుక ఆ కొమ్మును దేవుడి మందసంలో భద్రపరచి, చిన్నవాడిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. చెవుల పరీక్ష జరిగింది. వినికిడి లోపమేమీ లేదన్నారు. చెప్పులు తెమ్మంటే తెస్తున్నాడు, దీపం ఏదంటే చూపిస్తున్నాడు, కనుక గ్రహింపు బాగానే ఉందన్నారు. ఫోను తెర ముందు కూర్చోబెట్టకుండా, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడమన్నారు. చివరగా డాక్టరమ్మగారు, "రెండేళ్ళు నిండేనాటికి రెండు మాటలు కలిపి పలకకపోతే మళ్ళీ తీసుకురండి, చూద్దాం" అన్నారు. రెండేళ్ళు నిండడానికి అప్పటికి రెండు నెలలే గడువు. సూట్‌కేసులు సర్దుకుంటున్నంత సేపూ ఆ మాట మా ఇద్దరి మనస్సుల్లోనూ మెదులుతూనే ఉంది. పైకి మాత్రం ఎవరమూ అనలేదు.

పసివారి తొలి పలుకుల గురించి పండితులు చెప్పేది ఆసక్తికరంగా ఉంటుంది. పెదవులు కలిపి పలికే ప, బ, మ అక్షరాలు శిశువు నోట ముందుగా పలుకుతాయి. రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లో ప్రచురించిన ఒక వ్యాసంలో, ఎన్నో భాషల్లో తల్లిని పిలిచే మాటలో మకారం ఎందుకుంటుందో చర్చించారు. పాలు తాగుతున్న బిడ్డ నోరు మూసి ఉంటుంది గనుక ముక్కుతో మాత్రమే చిన్న ధ్వని చేయగలదు. ఆ ధ్వనే క్రమంగా పాలిచ్చే తల్లికి పిలుపయిందని ఆయన ఊహ. మన తెలుగువారు ఇంకొక అడుగు ముందుకు వేసి, బిడ్డ నోటికి అనువైన మాటలతో ఒక చిన్న భాషనే తయారు చేసిపెట్టారు. అన్నం బువ్వ, స్నానం లాల, దేవుడు జేజ, నిద్ర జోజో. పండితులైనా ప్లాంటు మేనేజర్లయినా బిడ్డను ఎత్తుకోగానే ఈ భాషలోకి దిగవలసిందే. మా అమ్మాయి తమ్ముడి మాటల కోసం ఒక నోటుపుస్తకం తెరిచింది. ఎడమ వైపు వాడు అన్న మాట, కుడి వైపు దాని అర్థం, ఆ పక్కన తారీఖు. మా యాత్రకు అసలైన దినచర్య అదే.

విమానంలో పసిబిడ్డతో వెళ్ళేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బిడ్డ పుట్టినతేదీ ధ్రువపత్రం తప్పక వెంట ఉండాలి. రెండేళ్ళు నిండలేదని కౌంటరు వద్ద చూపించవలసి వస్తుంది. పాలు, ఉగ్గు, కలిపిన పాలపొడి చేతిసంచిలో తీసుకువెళ్ళవచ్చు. భద్రతా సిబ్బంది అడిగితే విడిగా తీసి చూపాలి. ఒడిలో కూర్చునే బిడ్డకు చిన్న అదనపు బెల్టు ఇస్తారు, దానిని మన బెల్టుకు తగిలించుకోవాలి. ఒకే వరుసలో ఒకే వైపున ఇద్దరు చంటిపిల్లలను సాధారణంగా కూర్చోనివ్వరు. తలపైన దాచి ఉంచే ప్రాణవాయువు ముసుగులు సీట్ల సంఖ్య కంటే ఒక్కటే అదనంగా ఉండడం ఇందుకు కారణం. ఇద్దరు కుటుంబాల వారు కలిసి వెళ్ళేటప్పుడు ఇది ముందే తెలిసి ఉంటే మంచిది. బట్టల సంగతికి వస్తే, బిడ్డకు రెండు జతలు అదనంగా పెట్టుకోవాలని అందరూ చెబుతారు. తల్లిదండ్రులకు కూడా ఒక్కొక్క జత కావాలని ఎవరూ చెప్పరు. మేము చెబుతున్నాము.

విశాఖ నుంచి చెన్నై గంటన్నర లోపు ప్రయాణం. విమానం నేలను విడిచినప్పుడు చిన్నవాడు కిటికీలోంచి క్రిందికి చూస్తూ ఉండిపోయాడు. యారాడ కొండ, రేవు, ఓడలు చేతిలో బొమ్మలంతయి, మబ్బు కమ్మింది. "పోయిం" అన్నాడు గంభీరంగా. ముందు సీటులోని పెద్దమనిషి ఉలిక్కిపడి వెనక్కి చూశారు. విమానంలో ఉచ్చరించడానికి అది అంత శుభప్రదమైన మాట కాదన్నది నిజమే.

ఏడుపు దిగేటప్పుడు వచ్చింది. దీనికి కారణం తెలిసి ఉంటే సగం కంగారు తగ్గుతుంది. విమానం పైన ఎగురుతున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తైన కొండ మీద ఉన్నంత మాత్రమే ఉంటుంది. దిగుతున్న కొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. చెవి లోపలి గదికీ గొంతుకూ నడుమ యూస్టేషియన్ నాళం అనే సన్నని దారి ఉంది. అది తెరుచుకుంటేనే లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమమవుతాయి. పసివారిలో ఆ నాళం ఇరుకు, పైగా పెద్దవారిలో ఉన్నంత వాలుగా ఉండదు. మింగినప్పుడు, చప్పరించినప్పుడు అది తెరుచుకుంటుంది. కనుక విమానం కిందికి దిగడం ప్రారంభించగానే బిడ్డను నిద్ర లేపి అయినా పాలు పట్టాలి. జలుబు చేసి ఉంటే ప్రయాణానికి ముందే వైద్యుని సలహా తీసుకోవాలి. మాకు ఇదంతా కంఠోపాఠమే. కానీ పాలసీసా నోటి దగ్గర పెట్టగానే మావాడు తనకు వచ్చిన ఏడవ మాటను ప్రయోగించాడు. "అద్దు!"

చెన్నైలో విమానం మారాము. అక్కడి నుంచి అండమాన్ రాజధాని సుమారు 1,370 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మా వరుసలో నడవకు అవతల ఒక వృద్ధురాలు కూర్చున్నారు. నేత చీర, ముక్కుకు రెండు వైపులా బేసరులు. చిన్నవాడి ఏడుపు వినగానే, "ఏటమ్మా, బాబు ఏడుస్తన్నాడేటి?" అన్నారు. బంగాళాఖాతం మీద ముప్ఫై వేల అడుగుల ఎత్తున శ్రీకాకుళం జిల్లా మాట వినబడేసరికి మాకు ప్రాణం లేచివచ్చింది.

ఆవిడ నలభై ఏళ్ళ క్రితం భర్తతో పాటు చేపల వేట కోసం వచ్చి అక్కడే స్థిరపడ్డారట. "అప్పుడు ఇమానాలెక్కడివి బావూ? ఓడలోనే. మూడు రోజులు కక్కుకుంటా వచ్చీసినాం" అన్నారు నవ్వుతూ. దారి పొడుగునా మా చిన్నవాడితో ఆవిడ చేసిన సంభాషణను వర్ణించడం కష్టం. వాడు ఊఁ అంటే ఆవిడ ఊఁ అనేవారు. వాడు కాకా అంటే, "కాకి కాదురా నాయనా, ఇమానం. నువ్వు ఇమానం కడుపులో ఉన్నావు" అనేవారు. వాడు ఏదో అర్థం కానిది అన్నప్పుడు కూడా, "అలాగా! తరవాత?" అని అడిగి వాడి ముఖంలోకి చూస్తూ ఎదురుచూసేవారు. మేము రోజంతా వాడితో మాట్లాడుతూనే ఉంటాము కానీ, ఇలా వాడి వంతు కోసం కాచుకొని కూర్చోవడం మా ఇంట్లో అరుదు. విమానం దిగడం మొదలుపెట్టగానే సంచిలోంచి తాటిబెల్లం ముక్క తీసి, "నోట్లో ఎట్టమ్మా, సప్పరిస్తే సెవులు నొప్పెట్టవు" అన్నారు. యూస్టేషియన్ నాళం గురించి ఆవిడ చదివి ఉండరు. ఈసారి చిన్నవాడు ఏడవలేదు.

కిటికీలోంచి దీవులు కనిపించాయి. నీలం రంగులో ఇన్ని రకాలున్నాయని అప్పటివరకు మాకు తెలియదు. నడిసముద్రపు సిరాలాంటి నీలం, అది పలుచబడి నెమలిపింఛం రంగు, తీరం దగ్గర లేత కొబ్బరినీళ్ళ ఛాయ, దాని మీద నల్లపచ్చని అడవులు.

మేము దిగిన ఊరికి రెండు పేర్లు వినిపిస్తాయి. చిన్ననాటి పాఠ్యపుస్తకాల్లో మనమంతా చదువుకున్న పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురం అని నామకరణం చేసింది. మేము వెళ్ళేసరికి నాలుగు నెలలే గడిచాయి. ఆటోవారికి పాత పేరే నోట నానుతోంది. అంతకుముందు 2018 డిసెంబరులో రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ షహీద్ ద్వీప్‌గా మారాయి. ఊళ్ళకు పేర్లు మార్చడం ఉత్తర్వుతో అవుతుంది, నాలుక మారడానికి ఒక తరం పడుతుందని మా అభిప్రాయం.

ఇక్కడ గడియారంతో పిల్లలకు పేచీ వస్తుంది. ఈ దీవులు మన దేశ ప్రామాణిక కాలరేఖకు పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. అంటే సూర్యుడు గడియారం కంటే సుమారు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. జనవరిలో సాయంత్రం అయిదున్నర లోపే పొద్దు గుంకుతుంది. చీకటి పడితే జోజో అని నేర్పిన బిడ్డ అయిదున్నరకు నిద్రపోయి, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆటలు మొదలుపెడతాడు. చూడవలసిన ప్రదేశాలన్నీ ఉదయం పెట్టుకోవడమే దీనికి ఉపాయం.

మొదటి ఉదయం సెల్యులార్ జైలు దర్శించాము. 1896లో నిర్మాణం ప్రారంభమై 1906లో పూర్తయింది. నడుమ ఒక కావలి గోపురం, దాని నుంచి చక్రపు ఆకుల్లా ఏడు భవనాలు, మూడేసి అంతస్తులు, మొత్తం 690కి పైగా ఒంటరి గదులు. వాటిలో నేడు మిగిలినవి మూడు భవనాలే. ఆ ఆవరణలోనే 1963లో ఆసుపత్రి వెలసింది. ఈ కట్టడంలోని అసలు క్రౌర్యం గోడల మందంలో లేదు. ఒక భవనపు ముందుభాగం మరొక భవనపు వెనుకభాగాన్ని చూసేలా కట్టారు. ఏ గదిలోని ఖైదీకీ మరొక ఖైదీ ముఖం కనబడదు. మనిషికి మనిషితో మాట దక్కకుండా చేయడమే దాని ప్రయోజనం. అయినా బందీలు సంకెళ్ళ చప్పుళ్ళతో సంకేతభాష కల్పించుకొని కబుర్లు పంపుకున్నారని నాటి వారి జ్ఞాపకాలు చెబుతున్నాయి.

పై అంతస్తు వసారాలో జనం పలుచగా ఉన్నారు. చిన్నవాడు మా చేయి విడిపించుకొని ఆ పొడుగాటి వసారాలో పరుగెత్తి, ఒక తలుపు ఊచలు పట్టుకొని, "తాతా!" అని గట్టిగా పిలిచాడు. లోపల ఎవరూ లేరు. రాతిగోడలు ఆ పిలుపును తిరిగి ఇచ్చాయి. వాడు చెవి వొగ్గి విని, మళ్ళీ పిలిచి, మళ్ళీ ఆగాడు. పక్కనే ఉన్న ఉత్తరాది దంపతులు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందరో తాతలు ఒక్క పలకరింపు కోసం అలమటించిన గది అది.

మరునాడు నేతాజీ ద్వీపానికి పడవ ఎక్కాము. పావుగంట ప్రయాణం. 1941 వరకు ఆంగ్లేయుల పాలనా కేంద్రం ఇదే. నేడు శిథిలమైన చర్చి గోడలను మర్రి వేళ్ళు పాముల్లా చుట్టుకొని ఉన్నాయి. నృత్యశాలలున్న చోట చుక్కల జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. జింకను చూసి చిన్నవాడు "అంబా" అన్నాడు. నోటుపుస్తకంలో పదవ మాట చేరింది. అది ఆవు కాదని అమ్మాయి సరిదిద్దబోయింది కానీ, నాలుగు కాళ్ళున్న ప్రతిదీ ఆవే కావడం ఆ వయస్సుకు న్యాయమేనని సర్దిచెప్పాము.

మానవశాస్త్ర ప్రదర్శనశాలను చాలామంది యాత్రికులు గంటలో ముగిస్తారు. మాకు ఒక పూట పట్టింది. దీవుల ఆదివాసుల విల్లంబులు, దొన్నెలు, బుట్టలు, పాత ఛాయాచిత్రాలు అక్కడ ఉన్నాయి. 1858లో ఆంగ్లేయులు ఖైదీల వలసను స్థాపించేనాటికి గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవారు, పది భాషలు మాట్లాడేవారు. బయటివారితో పాటు వచ్చిన తట్టు వంటి అంటువ్యాధులు వారిని తుడిచిపెట్టాయి. 1961 జనగణన నాటికి మిగిలినవారు 19 మంది. 1970 ప్రాంతంలో వారిని స్ట్రెయిట్ ద్వీపానికి చేర్చారు.

ఆ పది భాషల్లో బో ఒకటి. దానిని మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ అనే వృద్ధురాలు 2010 జనవరి 26న, సుమారు ఎనభై అయిదేళ్ళ వయస్సులో కన్నుమూసింది. మేము అక్కడ ఉన్న వారంలోనే ఆమె పోయి పదిహేనేళ్ళు నిండాయి. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్ర ఆచార్యులు అన్వితా అబ్బీ 2005 నుంచి ఆ దీవుల్లో పనిచేసి ఆమె మాటలను, పాటలను ధ్వనిముద్రణ చేశారు, గ్రేట్ అండమానీ భాషకు నిఘంటువు కూర్చారు. శరీరభాగాలను ఆధారం చేసుకొని వ్యాకరణమంతా నడిచే భాష అదని ఆమె వివరించారు. ఆ జాతివారు పక్షులకు పెట్టుకున్న పేర్ల మీద కూడా ఒక గ్రంథం వచ్చింది. బోవాకు తన భాషలో మాట్లాడేందుకు చివరి సంవత్సరాల్లో ఎవరూ మిగలలేదు. ఆమె పక్షులతో మాట్లాడేదని అబ్బీ తెలియజేశారు.

ఇది మేము అమ్మాయికి చెప్పాము. చెప్పవచ్చునా అని సందేహిస్తూనే చెప్పాము. అది చాలాసేపు ఆలోచించి, "మరి పక్షులు ఊఁ అన్నాయా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. చిన్నవాడు అద్దాలపెట్టె లోపలి దొన్నెను చూపిస్తూ, "నీనీ, నీనీ" అంటున్నాడు. నీళ్ళు లేని దొన్నెను చూసి నీళ్ళు గుర్తుచేసుకోవడం వాడికి ఎలా తెలిసిందో!

బారాటాంగ్ వైపు విహారానికి హోటలువారు ఎంతగానో ప్రోత్సహించారు. ఆ దారి జారవాల అభయారణ్యం గుండా పోతుంది. వాహనాలు వరుసకట్టి నిర్ణీత వేళల్లో సాగాలి, దారిలో ఆగరాదు, ఫోటోలు తీయరాదు. అక్కడి సున్నపురాతి గుహలు చూడదగినవేనట. కానీ ఆ బస్సులు ఎక్కేవారిలో అధికులు గుహల కోసం కాక, దారిలో జారవాలు కనబడతారేమోనన్న ఆశతో ఎక్కుతారన్నది వారి సంభాషణల్లోనే తేటతెల్లమైంది. ఉదయమే ప్రదర్శనశాలలో చూసినదాని తరువాత ఆ బస్సు ఎక్కడానికి మాకు కాళ్ళు రాలేదు. వెళ్ళిన మిత్రులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు.

ఆ మధ్యాహ్నం విమానంలో పరిచయమైన మామ్మగారి ఇంటికి జంగ్లీఘాట్ వెళ్ళాము. చేపల రేవును ఆనుకొని ఉన్న ఆ వీధుల్లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం మనదే. ఎండుచేపల వాసన, అరుగుల మీద వలలు అల్లుతున్న ముసలివారు, గుమ్మాలకు పసుపు. భీమిలి వీధిలో ఉన్నామేమోనని భ్రమ కలిగింది.

మామ్మగారి మనవలు ముగ్గురు మా అమ్మాయితో ఆటలో పడ్డారు. ఆట హిందీలో జరిగింది. "నాతోటి తెలుగే మాటాడతారమ్మా. ఆళ్ళలో ఆళ్ళు మాత్రం హిందీయే. మరి బళ్ళో, బజార్లో అదే కదా" అన్నారావిడ. ఫిర్యాదుగా కాదు, వాన వచ్చిందని చెప్పినట్టు చెప్పారు. కొంచెం ఆగి, "నా తరవాత ఈళ్ళు తెలుగు ఎవరితో మాటాడతారో మరి" అని, వెంటనే లేచి మా చిన్నవాడిని చంకనెత్తుకొని పెరట్లోకి వెళ్ళారు. అక్కడ తొట్టిలో ఉన్న చేపను చూపించి, "సేప, ఇదిగో సేప" అని చెప్పారు. మా అమ్మాయి పక్కన నిలబడి, "చేప అనాలి తమ్ముడూ" అని దిద్దుతూ వచ్చింది. ఇద్దరు గురువులనూ కాదని వాడు "తేప" అన్నాడు. మామ్మగారు పకపకా నవ్వారు. పదకొండు.

షహీద్ ద్వీప్‌కు వెళ్ళినది జనవరి 29న, అంటే మన చొల్లంగి అమావాస్య నాడు. రెండు గంటల పడవ ప్రయాణం. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు స్థిరపడిన దీవి ఇది. ఊళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్. భరత్‌పూర్ తీరంలో ఉదయం నీరు నిండుగా ఉంది. చిన్నవాడు మోకాలి లోతు నీళ్ళలో కూర్చొని, అరచేతులతో కొడుతూ, "నీనీ, నీనీ" అని గంటసేపు కేరింతలు కొట్టాడు. భోజనం చేసి, వాడిని కొబ్బరిచెట్ల నీడలో నిద్రపుచ్చి, మూడు గంటల ప్రాంతంలో మళ్ళీ తీరానికి వచ్చాము.

సముద్రం అక్కడ లేదు. అమావాస్య పాటుకు నీరు ఎంతో దూరం వెనక్కి తగ్గింది. ఉదయం పడవలు తేలిన చోట అవి ఇసుక మీద ఒరిగి పడి ఉన్నాయి. పగడపు రాళ్ళు, వాటి నడుమ చిన్నచిన్న నీటి గుంటలు, గుంటల్లో నీలంరంగు చేపపిల్లలు, పరుగెత్తే పీతలు. పోటుపాట్లు ఎరిగిన విశాఖవాసులమైన మాకే ఆశ్చర్యం కలిగింది. చిన్నవాడు చంక దిగి, తాను ఉదయం కూర్చున్న చోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఇసుక వైపు చూశాడు. దూరంగా మెరుస్తున్న నీటి వైపు చూశాడు. మా వైపు తిరిగి, రెండు చేతులూ తిప్పి చూపిస్తూ అన్నాడు.

"నీనీ పోయిం."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఎవరమూ కదలలేదు. మళ్ళీ అంటాడో లేదోనని ఊపిరి బిగబట్టాము. వాడు విసుగుపడి, వీళ్ళకు వినబడలేదేమోనన్నట్టు ఇంకా గట్టిగా, "నీనీ పోయిం!" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, జవాబు చెప్పాలని. "అవును నాన్నా, నీళ్ళు పోయాయి. మళ్ళీ వస్తాయి" అన్నాము. గొంతు పూర్తిగా సహకరించలేదు. అమ్మాయి అప్పటికే ఇసుకలో కూలబడి నోటుపుస్తకం తెరిచింది. రెండు మాటలను ఒక వరుసలో రాయాలా, రెండు వరుసల్లో రాయాలా అన్నది దాని సమస్య.

ఆ సాయంత్రం నుంచి గట్టు తెగింది. పడవ రేవు దాటితే పడవ పోయిం, మామ్మగారు వీడ్కోలు చెప్పి వెళ్ళిపోతే మామ్మ పోయిం. తిరుగు ప్రయాణంలో కాకా పోయిం అనకుండా తాటిబెల్లంతో నోరు మూయించాము. మామ్మగారు కట్టి ఇచ్చిన పొట్లం అది. చెన్నైలో దిగేటప్పుడు ముందు వరుసలో వేరొక పసిబిడ్డ ఏడుస్తుంటే, ఆ తల్లికి కూడా ఒక ముక్క అందించి, చప్పరించనివ్వమని చెప్పాము. ఆమె తమిళులు, మా సైగలు అర్థమయ్యాయి.

ఇంటికి చేరగానే నాయనమ్మగారు గుమ్మంలో దిష్టి తీశారు. మనవడు ఆవిడ చేతిలోని ఎర్రనీళ్ళ పళ్ళెం చూసి "నీనీ" అన్నాడు. వీధిలో పారబోసి వచ్చాక ఖాళీ పళ్ళెం చూసి తక్కిన మాట కూడా అన్నాడు. వసకొమ్ము ఇప్పటికీ మందసంలోనే ఉంది. అది అక్కడ ఉన్నందుకే పని చేసిందని ఆవిడ వాదన.

నోటుపుస్తకంలో మార్చి నెలకు మాటలు నలభై దాటాయి. వాటిలో ఒక్కదానికి మాత్రం కుడివైపు గడి ఖాళీగా ఉంది. "గిమ్మ". అండమాన్ నుంచి వచ్చిన మూడో రోజు నుంచి అంటున్నాడు. పొద్దున కిటికీ దగ్గర నిలబడి, కొబ్బరిచెట్టు వైపు చూస్తూ అంటాడు. గువ్వ అయి ఉంటుందని నాయనమ్మగారు, కొమ్మ అని మేము. రెండూ కాదని వాడు "అద్దు" అంటున్నాడు. అమ్మాయి అక్కడ పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి ఉంచింది.